పెట్టె చేరేలోపు

ఐక్యరాజ్యసమితి గోదాముల్లో దానికి పెద్ద పేరేమీ లేదు. 'కిట్ 3' అంటారు, అంతే. యుద్ధమో భూకంపమో వచ్చి జనం ఊళ్లు వదిలి పారిపోయినప్పుడు పంపే ఆరోగ్య సామగ్రి వరసలో అది మూడో నంబరుది. పది వేల జనాభాకు మూడు నెలలు సరిపోతుందని లెక్కగట్టి సర్దిన పెట్టె. మూత తీస్తే కనిపించేవి మామూలు మందులే. హెచ్ఐవీ సోకకుండా 28 రోజులు వేసుకోవాల్సిన మాత్రలు, గర్భం రాకుండా ఆపే మాత్ర, సుఖవ్యాధులు అంటకుండా యాంటీబయాటిక్స్. అత్యాచారానికి గురైన మనిషికి తొలి గంటల్లో చేయాల్సిన వైద్యంలో ముఖ్యమైనదంతా ఆ పెట్టెలోనే ఉంది.

ఆ గంటలకు లెక్క ఉంది. హెచ్ఐవీ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. గర్భం రాకుండా వేసే మాత్రకు 120 గంటలు. గడువు దాటాక ఎవరు ఎంత జాలిపడినా ఆ మాత్రలు పనిచేయవు. అడవి దారిన రెండు రోజులు నడిచి, సాయుధులు కాపు కాసిన చోట ఒక రాత్రంతా పొదల్లో దాక్కుని, మూడో రోజు సాయంత్రానికి ఒక స్త్రీ ఆరోగ్య కేంద్రం చేరుకుందనుకోండి. అక్కడ నర్సు ఉండి, గదికి తలుపు ఉండి, అలమరాలో ఆ పెట్టె ఉంటే ఆమెది ఒక బతుకు. లేకపోతే ఇంకో బతుకు.

యుద్ధాల్లో ఆడవాళ్ల మీద జరిగే ఘోరాల గురించి చదివితే మనకు కోపమొస్తుంది, కళ్లు చెమరుస్తాయి. వాటికి ఎప్పుడూ కరువు లేదు. కరువల్లా పెట్టెకు, దారికి, తలుపున్న గదికి, ఆ గదిలో తొందరపెట్టకుండా కూర్చుని వినే ఒక మనిషికి. డబ్బు తగ్గించాలన్నప్పుడు ముందు కత్తెర పడేదీ వీటి మీదే. ఈ నాలుగూ సమకూర్చితే ఏమవుతుందో, అవి తెగిపోతే ఏమవుతుందో పాతికేళ్లుగా చూస్తున్న ఊరు ఒకటుంది. తూర్పు కాంగోలో, కివు సరస్సు దక్షిణపు కొసన, రువాండా సరిహద్దును ఆనుకుని ఉన్న బుకావు.

కాన్పుల కోసం కట్టిన ఆస్పత్రి

డెనిస్ ముక్వేగే 1955లో ఆ ఊళ్లోనే పుట్టారు. తండ్రి పెంతెకొస్తు పాస్టరు. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు ప్రార్థన చేయడానికి వెళ్తూ కొడుకును వెంట తీసుకెళ్లేవారు. ప్రార్థన ఒక్కటే చేస్తున్నారు, మందెందుకు ఇవ్వరని ఆ పిల్లవాడు అడిగాడట. బురుండిలో వైద్యం చదివారు. పిల్లల డాక్టరు కావాలనుకున్నారు. లెమేరా అనే కొండప్రాంతపు ఆస్పత్రిలో చేరాక మనసు మారింది. రోజుల తరబడి నొప్పులు పడి, భుజాల మీద మోయించుకుని, రక్తం పోయాక చేరుకునే తల్లులను అక్కడ చూశారు. ఫ్రాన్స్‌లోని ఆంజే వెళ్లి స్త్రీల వైద్యం, కాన్పుల వైద్యం చదివి 1989లో తిరిగొచ్చారు. అక్కడే ఉండిపోయే అవకాశం లేక కాదు.

1994లో పక్కనున్న రువాండాలో నరమేధం జరిగింది. దాదాపు ఎనిమిది లక్షల మంది చనిపోయారు. పది లక్షలకు పైగా శరణార్థులు సరిహద్దు దాటి, అప్పట్లో జైర్ అని పిలిచిన కాంగోలోకి వచ్చారు. హంతకులు కూడా ఆ గుంపులోనే వచ్చారు. వాళ్ల వెనకే యుద్ధమూ వచ్చింది. 1996 అక్టోబరు 6న లెమేరా ఆస్పత్రి మీద దాడి జరిగింది. మంచాల మీదున్న రోగుల్ని మంచాల మీదే చంపారు. రోగులు, సిబ్బంది కలిపి ముప్పై మందికి పైగా పోయారు. ఆ రోజు ముక్వేగే అక్కడ లేరు కాబట్టి బతికారు.

1999లో స్వీడన్ పెంతెకొస్తు చర్చిల సాయంతో బుకావులోని పంజి పేటలో కొత్త ఆస్పత్రి మొదలుపెట్టారు. అనుకున్నది కాన్పుల ఆస్పత్రి. తల్లులు దారిలోనే చనిపోకుండా చూడాలన్నదే ఆశ. అయితే తొలి రోగి కాన్పుకు రాలేదు. ఆమె మీద అత్యాచారం చేసిన సైనికులు ఆ తర్వాత తుపాకీతో మర్మాంగాల మీద కాల్చారు. ఎవడో ఉన్మాది చేసిన పని అనుకున్నారు ముక్వేగే. మూడు నెలలు తిరిగేసరికి అలాంటి కథతోనే నలభై అయిదు మంది వచ్చారు.

అప్పుడు అర్థమైంది ఇది ఉన్మాదం కాదని, పద్ధతి ప్రకారం సాగుతున్న పని అని. ఒక ఊరిని ఖాళీ చేయించాలంటే తుపాకీ గుళ్లకు డబ్బు కావాలి. భర్త కళ్ల ముందు, పిల్లల కళ్ల ముందు, ఊరంతా చూస్తుండగా ఒక స్త్రీని చెరిస్తే ఆ కుటుంబం మళ్లీ ఆ ఊళ్లో తలెత్తుకోలేదు. పొలం వదిలేస్తుంది, ఊరు వదిలేస్తుంది. కింద బంగారమో కోల్టానో ఉన్న నేల అయితే, ఇలా ఖాళీ చేయించడం లాభసాటి వ్యాపారం. ముక్వేగే పాతికేళ్లుగా అందరికీ చెబుతున్నది ఇదే. యుద్ధంలో అత్యాచారం కోరిక తీర్చుకోవడం కాదు. అది చవకైన ఆయుధం.

ఫిస్టులా

పంజి పేరు ప్రపంచానికి తెలిసింది ఆపరేషన్ల వల్ల. అందులోనూ ఫిస్టులా ఆపరేషన్ల వల్ల. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పత్రికల్లో దీని గురించి రాసేటప్పుడు సిగ్గుపడి రెండు ముక్కల్లో దాటేస్తుంటాం.

మూత్రాశయానికీ యోనికీ మధ్య, లేదా పెద్దపేగు కొసకూ యోనికీ మధ్య ఉండే పల్చటి గోడకు చిల్లు పడటమే ఫిస్టులా. ప్రపంచంలో ఎక్కువగా ఇది వచ్చేది కాన్పు కష్టమై, ఆపరేషన్ చేసే దిక్కులేక, బిడ్డ తల రెండు మూడు రోజులు ఆ గోడను నొక్కేయడం వల్ల. కాంగోలో దానికి ఇంకో కారణం తోడైంది: దాడి, కర్రలు, తుపాకీ గొట్టాలు. కారణం ఏదైనా బాధ ఒకటే. మూత్రం, ఒక్కోసారి మలం కూడా ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఎన్ని గుడ్డలు మార్చినా వాసన పోదు. భర్త వేరే గదిలో పడుకుంటాడు, తర్వాత వేరే ఇంట్లో. చర్చిలో పక్కనెవరూ కూర్చోరు. బస్సెక్కనివ్వరు. ఇలా అయిదేళ్లు, పదేళ్లు బతికినవాళ్లున్నారు, దీనికి వైద్యం ఉందని తెలియక.

వైద్యం ఉంది. ఇథియోపియాలోని అడిస్ అబాబాలో హామ్లిన్ దంపతులు 1974 నుంచి ఇందుకోసమే ఒక ఆస్పత్రి నడిపించారు. చేయి తిరిగిన సర్జన్ కుడితే చాలామందికి ఒక్క ఆపరేషన్‌తోనే తడి ఆగిపోతుంది. కొందరికి రెండు, మూడు కావాలి. తుపాకీ గాయాలవాళ్లకు ఇంకా ఎక్కువ. చిరిగిపోయిన చోట మిగిలిన కణజాలం ఎంతుందో చూసుకుని, శరీరంలో వేరేచోట నుంచి తెచ్చి అతికించాల్సి వస్తుంది. ముక్వేగే రోజుకు పది ఆపరేషన్లు చేసిన కాలం ఉంది. బ్రసెల్స్ నుంచి గీ-బెర్నార్ కాడియేర్ అనే సర్జన్ వచ్చి, పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే పద్ధతిని ఇక్కడి డాక్టర్లకు నేర్పారు. 1999 నుంచి పంజిలో చికిత్స పొందిన అత్యాచార బాధితుల సంఖ్య 50 వేలు ఎప్పుడో దాటింది.

అయినా ముక్వేగేను కలవరపెట్టింది ఆపరేషన్ విఫలమైనవాళ్లు కాదు, సఫలమైనవాళ్లు. గాయం మానింది, ఇంటికి పొమ్మన్నారు. ఏ ఇంటికి? కొందరు ఆస్పత్రి గేటు దాటి కదల్లేదు. కొందరు వెళ్లి, మళ్లీ దాడికి గురై, మళ్లీ అదే బల్ల మీదకు వచ్చారు. తల్లికి, కొన్నేళ్లకు కూతురికి, ఆ తర్వాత మనవరాలికి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని ఆయన చాలాచోట్ల చెప్పారు. కుట్లతో తేలే సమస్య కాదని అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒకే కప్పు కింద

అలా పంజిలో నాలుగు పనులు ఒకచోటికి వచ్చాయి. శరీరానికి వైద్యం, మనసుకు వైద్యం, కోర్టు పని, మళ్లీ కాళ్ల మీద నిలబడే పని. రాసేటప్పుడు ఇది ప్రభుత్వ పథకం కరపత్రంలా కనిపిస్తుందని తెలుసు. కానీ ఈ నాలుగూ విడివిడిగా ఉన్నచోట ఏం జరుగుతుందో చూస్తే ఇందులోని తెలివి తెలుస్తుంది. పోలీసు స్టేషన్లో ఒకసారి చెప్పాలి. ఆస్పత్రి క్యాజువాలిటీలో, నలుగురు వింటుండగా ఇంకోసారి. పెద్ద డాక్టరు వచ్చాక మళ్లీ. లాయరుకు, స్వచ్ఛంద సంస్థకు, లెక్కలు రాసుకునే గుమాస్తాకు మళ్లీ మళ్లీ. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి తిరిగి జరుగుతుంది. ఎక్కడో ఒకచోట విసుగొచ్చి ఆమె ఇంటికెళ్లిపోతుంది. అప్పుడు రిజిస్టరులో 'బాధితురాలు సహకరించలేదు' అని రాస్తారు.

పంజిలో ఆమె ఒకసారే చెబుతుంది. వినేది 'మమా షెరీ'లు. వచ్చిన రోజు నుంచి వెళ్లే రోజు దాకా ఆమెను కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. ఆపరేషన్ గది తలుపు దాకా చేయి పట్టుకుని నడిపించేది వాళ్లు, మెలకువ వచ్చేసరికి పక్కన ఉండేది వాళ్లు. ఆమె ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చేయనంటే వైద్యం ఆగదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ సాయం చేసే సంస్థలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. నేరస్థుడిని శిక్షించాలన్న ఆత్రంలో ఆమెను సాక్షిగా మార్చేస్తారు. ఆమె ముందు రోగి, ఆ తర్వాతే సాక్షి. అదీ ఆమె ఒప్పుకుంటేనే.

ఇంటికి వెళ్లలేనివాళ్లు, కడుపులో బిడ్డతోనో ఒళ్లో బిడ్డతోనో వచ్చినవాళ్లు కొన్నాళ్లు తలదాచుకోవడానికి 'మెజోఁ డోర్కా' అనే ఇల్లుంది. కుట్టుపని, సబ్బుల తయారీ, చదవడం రాయడం అక్కడ నేర్పుతారు. 2015 నుంచి ఒక పాటల స్టూడియో కూడా నడుస్తోంది. మానసిక నిపుణుడు, సంగీతకారుడు పక్కన కూర్చుంటే ఆ ఆడవాళ్లు తమ మాటలను తామే పాట కట్టి రికార్డు చేస్తారు. అవి స్థానిక రేడియోలో వస్తాయి. నోరు విప్పి చెప్పలేనిది పాడి చెప్పడమన్నది తిరగలి దగ్గరా నాట్లలోనూ పాటలు కట్టిన మన అమ్మమ్మలకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది 'ముసో'. ఊళ్లకు తిరిగి వెళ్లిన ఆడవాళ్లు ఇరుగుపొరుగుతో కలిసి పెట్టుకునే పొదుపు సంఘం ఇది. మన డ్వాక్రా మహిళలకు వెంటనే అర్థమయ్యే వ్యవహారం. వారం వారం కూడతారు, ఉన్నంతలో వేస్తారు. ఆకుపచ్చ పెట్టెలో పడిన డబ్బు అప్పులకు: కోళ్లు కొనుక్కోవడానికో కసావా పిండి వ్యాపారానికో. ఎర్ర పెట్టెలో పడినది ఆపదకు: చావు, జబ్బు, కాన్పు. సంఘంలో అందరూ బాధితులే కారు, కాకూడదు కూడా. బాధితులకు మాత్రమే సంఘం పెడితే అందులోకి అడుగుపెట్టిన ప్రతి మనిషి నుదుటా ముద్ర వేసినట్టే. అందరితో కలిసి అప్పు తీసుకుని, అందరిలాగే వాయిదా కట్టినప్పుడు ఊరు ఆమెను మళ్లీ లెక్కలోకి తీసుకుంటుంది. వెలివేసిన అత్తగారింటివాళ్లు అప్పు అడగడానికి ఆమె గుమ్మంలోకే రావాల్సిన రోజూ వస్తుంది.

బుకావులోనే 2011లో 'సిటీ ఆఫ్ జాయ్' మొదలైంది. అమెరికా నాటక రచయిత్రి ఈవ్ ఎన్స్లర్, కాంగో ఉద్యమకారిణి క్రిస్టీన్ షూలర్ డెష్రైవర్, ముక్వేగే కలిసి పెట్టిన చోటు. విడతకు తొంభై మంది యువతులు ఆరు నెలలు ఉంటారు. తమ చట్టాలు, తమ శరీరం, ఆత్మరక్షణ, వ్యవసాయం నేర్చుకుంటారు. ఊరికి తిరిగెళ్లి నలుగురికి నాయకత్వం వహించాలన్నది ఉద్దేశం. తొంభై అంటే సముద్రంలో చుక్కే అని విమర్శించినవాళ్లున్నారు. నిజమే. అయితే వాళ్లు అక్కడ రోగులుగా ఉండరు. ఆ తేడా తక్కువది కాదు.

చెట్టు కింద కోర్టు

కాంగో 2006 జులైలో లైంగిక నేరాల చట్టాన్ని కఠినం చేసింది. చట్టం రాజధాని కిన్షాసాలో ఉంది, నేరం జరిగే అడవి అక్కడికి వెయ్యిన్నర కిలోమీటర్ల అవతల ఉంది. మధ్యలో సరైన రోడ్డు కూడా లేదు. అందుకే సంచార కోర్టులు వచ్చాయి. జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, లాయర్లు ట్రక్కుల్లో, పడవల్లో నేరం జరిగిన చోటికే వెళ్లి, బడిలోనో టార్పాలిన్ కిందో విచారణ చేస్తారు. 2011 కొత్త సంవత్సరం నాడు ఫిజి అనే పట్టణంలో సైనికులు సామూహిక అత్యాచారాలకు పాల్పడ్డారు. ఫిబ్రవరిలో బరాకాలో సంచార సైనిక కోర్టు కూర్చుంది. ముఖాలు కనిపించకుండా కప్పుకుని ఆ స్త్రీలు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ నెలాఖరులోపే లెఫ్టినెంట్ కల్నల్ స్థాయి అధికారి కిబిబి ముత్వారేకు ఇరవై ఏళ్ల శిక్ష పడింది. రెండు నెలలు తిరగకుండా తీర్పు. మన కోర్టుల వేగంతో పోల్చి నేనేమీ అనను.

ఇంకోటి కవుము. బుకావు విమానాశ్రయం ఉన్న ఊరే. 2013 నుంచి మూడేళ్లు అక్కడ రాత్రిపూట ఇళ్లలోంచి పసిపిల్లలను ఎత్తుకెళ్లి, అత్యాచారం చేసి, పొలాల్లో వదిలేసేవారు. వాళ్లను తీసుకొచ్చింది పంజికే. ఒకే ఊరి పేరు మళ్లీ మళ్లీ రావడం మొదట గమనించింది డాక్టర్లే. అన్ని గాయాలనూ ఒకే తీరున రాసి, ఫొటోలు తీసి, భద్రపరిచారు. దాని వెనక ఉన్నది ఒక సాయుధ ముఠా. దాన్ని నడిపించింది ప్రాంతీయ శాసనసభ సభ్యుడు ఫ్రెడెరిక్ బటుమికే. 2017 డిసెంబరులో అతనితో సహా పదకొండు మందికి యావజ్జీవ శిక్ష పడింది. మానవాళిపై నేరంగా కోర్టు దాన్ని పరిగణించింది. పిల్లలు కోర్టు మెట్లెక్కలేదు. ముందుగా రికార్డు చేసిన మాటలే సాక్ష్యమయ్యాయి. ఆ కేసు గెలిచిందంటే కారణం లాయర్ల వాదన ఒక్కటే కాదు, తొలి రోజు కేస్ షీటు సరిగ్గా రాసిన డాక్టరు కూడా.

తీర్పుల్లో పరిహారం కూడా ఉంటుంది. చాలావరకు అది కాగితం దాటి రాలేదు.

అనాసపళ్లు అమ్మి టికెట్టు

2012 అక్టోబరు 25న సాయుధులు ముక్వేగే ఇంట్లో మాటు వేశారు. ఆయన కారు దిగేలోపు అరిచి అడ్డుపడిన కాపలాదారును కాల్చి చంపారు. ఆ మనిషి ఏళ్ల తరబడి ఆయన దగ్గర పనిచేసిన స్నేహితుడు. అంతకు నెల రోజుల ముందే ఐక్యరాజ్యసమితిలో మాట్లాడుతూ ముక్వేగే యుద్ధాన్ని ఎగదోస్తున్నవాళ్లను తప్పుపట్టి ఉన్నారు. కుటుంబంతో యూరప్ వెళ్లిపోయారు.

కివు సరస్సులోని ఇజ్వీ దీవి ఆడవాళ్లు ఆయన్ను తిరిగి రప్పించమని దేశాధ్యక్షుడికి రాశారు. జవాబు రాలేదు. అనాసపళ్లు, ఉల్లిపాయలు అమ్మి టికెట్టుకు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టారు. రోజుకు డాలరు కూడా చూడనివాళ్లు వాళ్లు. 2013 జనవరి 14న ఆయన దిగినప్పుడు విమానాశ్రయం నుంచి ఊరి దాకా దారి పొడవునా జనం. వంతులవారీగా మేమే కాపలా కాస్తామన్నారు ఆడవాళ్లు. ఆ తర్వాత ఆయన కాపురం ఆస్పత్రి ఆవరణలోకి మారింది. నోబెల్ శాంతి బహుమతి 2018లో వచ్చింది, ఇరాక్ యజిదీ యువతి నాదియా మురాద్‌తో కలిపి. ఐసిస్ చెరలో బానిసగా ఉండి తప్పించుకున్న ఆమె తన పేరుతో, తన ముఖంతో ప్రపంచం ముందు నిలబడ్డారు. 2023 డిసెంబరులో ముక్వేగే దేశాధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఒక్క శాతం ఓట్లు కూడా పడలేదు. గాయాలు కుట్టిన చేతికి దండం పెడతారు, ఓటు వేరే లెక్క. మనకు తెలియని విషయమేమీ కాదు.

తెగిన దారి

2025 జనవరి ఆఖర్లో రువాండా మద్దతున్న ఎం23 తిరుగుబాటుదారులు గోమా నగరాన్ని పట్టుకున్నారు. ఆ గందరగోళంలో మున్జెంజె జైలు బద్దలైంది. 150 మందికి పైగా మహిళా ఖైదీల మీద అత్యాచారం జరిగిందని, వాళ్లలో చాలామంది ఆ తర్వాత చెలరేగిన మంటల్లో చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. ఫిబ్రవరి మధ్యలో బుకావు కూడా ఎం23 చేతికి చిక్కింది. 2024లోనే ఐక్యరాజ్యసమితి శాంతి సేన దక్షిణ కివు నుంచి తట్టాబుట్టా సర్దుకుంది.

సరిగ్గా అదే జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది. అత్యాచార బాధితులకిచ్చే కిట్లు తూర్పు కాంగోకు చేరడంలో ఆ డబ్బుది పెద్ద పాత్ర. విమానాశ్రయం మూతపడి, రోడ్లు తెగిపోయి, కొనేవాడు చేతులెత్తేసిన చోట అలమరాలు ఖాళీ అయ్యాయి. తుపాకులకు మాత్రం సరఫరా ఆగలేదు. రుబాయా కోల్టాన్ గనులు 2024 ఏప్రిల్ నుంచి ఎం23 అధీనంలో ఉన్నాయి. ప్రపంచంలో తవ్వే టాంటలంలో దాదాపు 15 శాతం అక్కడిదేనని అంచనా. కోల్టాన్ నుంచి తీసి మన జేబుల్లోని ఫోన్ల కెపాసిటర్లలో వాడే లోహం అది. ఇలాంటి ఖనిజం ఎక్కడి నుంచి వచ్చిందో కంపెనీలు ఆరా తీయాలనే చట్టం అమెరికాలో 2010లో వచ్చింది, యూరప్‌లో 2021లో అమల్లోకి వచ్చింది. దొంగ ఖనిజం సరిహద్దు దాటి కొత్త సంచిలోకి మారితే వాటికి చిక్కడం కష్టం.

శాంతి సేనలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉత్తర కివులో పనిచేసిన మేజర్ రాధికా సేన్‌కు స్త్రీల భద్రత కోసం చేసిన కృషికి 2023 సంవత్సరపు ఐక్యరాజ్యసమితి అవార్డు దక్కింది. ఆడవాళ్లు ఉన్న గస్తీ దళం ఊళ్లోకి వెళ్తేనే ఊళ్లోని ఆడవాళ్లు నోరు విప్పుతారని ఆమె చూపించారు. దీనికి రెండో ముఖమూ ఉంది. కాంగోలో శాంతి సేనలోని కొందరు తిండి, చిల్లర డబ్బులు చూపించి ఆడపిల్లలను లొంగదీసుకున్నారని ఐక్యరాజ్యసమితి 2005లో తన నివేదికల్లోనే ఒప్పుకుంది. సాయం ఇచ్చే చేతి మీద కూడా నిఘా ఉండాల్సిందే.

బాకీ

వైద్యం దయ కాదు, పరిహారం భిక్ష కాదు అని ముక్వేగే, నాదియా మురాద్ 2019లో ఒక అంతర్జాతీయ నిధి పెట్టారు. దేశాలు చెల్లించాల్సిన బాకీని అవి చెల్లించేదాకా కొంతైనా ముందుగా అందించడం దాని పని. బాకీ తీర్చిన దేశాలు కొన్ని ఉన్నాయి. బోస్నియాలోని ఒక భాగం 2006లో అత్యాచార బాధితులను యుద్ధ బాధితులుగా గుర్తించి నెలనెలా భత్యం ఇచ్చింది. కొసావో 2018లో మొదలుపెట్టింది. బంగ్లాదేశ్ 1971 బాధితులకు 'వీరాంగన' అని బిరుదు ఇచ్చి, నలభై ఏళ్లు దాటాక, 2015లో గానీ స్వాతంత్ర్య యోధుల హోదా, పింఛను ఇవ్వలేదు. బిరుదు వచ్చిన చాలామందిని ఈలోగా ఇంట్లోవాళ్లే దాచిపెట్టారు. 2022 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం యుద్ధ నష్టాలకు కాంగోకు 32.5 కోట్ల డాలర్లు కట్టమని ఉగాండాను ఆదేశించింది. కాంగో అదే ఏడాది చివర్లో బాధితుల పరిహార నిధికి చట్టం చేసింది. డబ్బు ఆమె చేతికి చేరే దారి మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం వాకపల్లిలో, కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. పోలీసులూ మావోయిస్టుల మధ్య నలిగిన ఊరు. ఫిర్యాదు చేసినందుకు సొంత జనంలోనే వెలిని ఎదుర్కొన్నారు. విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు దర్యాప్తును సరిగ్గా చేయకపోవడమే కారణమని చెబుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆదేశించింది. కవుములో కేసు నిలబెట్టినవేవో, ఇక్కడ కూలిపోయినవి అవే.

ఆ తర్వాత మన దగ్గరా చాలా మారింది, కనీసం కాగితం మీద. 2015 నుంచి జిల్లాల్లో 'సఖి' కేంద్రాలు వచ్చాయి. వైద్యం, పోలీసు, లాయరు, కొన్ని రోజుల వసతి ఒకేచోట ఉండాలన్నదే లక్ష్యం. 181 నంబరుకు ఫోన్ చేయొచ్చు. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలుపెట్టిన 'భరోసా' కేంద్రమూ అదే దారిలోది. కవుము పిల్లల్లాగే ఇక్కడా పిల్లలు ఖాకీ బట్టలు చూడకుండా మాట్లాడే ఏర్పాటు ఉంది. రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టర్లను దుష్ప్రవర్తన కింద శిక్షించాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో తేల్చిచెప్పింది. అయినా జిల్లా కేంద్రంలో బోర్డు ఉండటం వేరు, కొండ మీది గూడెం నుంచి ఒక పూట ప్రయాణం చేసి, కూలి పోగొట్టుకుని, అక్కడికి చేరుకోవడం వేరు. వరదలొచ్చి బడిలో నాలుగు వందల మంది పడుకున్న రాత్రి అయితే చెప్పనే అక్కర్లేదు. పునరావాస శిబిరాల్లో బియ్యం, పాలు, దుప్పట్ల లెక్క తెల్లారేసరికి కలెక్టరు బల్ల మీద ఉంటుంది. మరుగుదొడ్డి దారిలో దీపం ఉందా, రాత్రి కాపలాలో ఆడ హోంగార్డు ఉందా, ఆ చుట్టుపక్కల ఏ ఆరోగ్య కేంద్రంలో హెచ్ఐవీ నివారణ మాత్రలున్నాయి అన్నవి ఆ లెక్కలో ఉన్నాయో లేదో విలేకరులం అడగాలి. మేమూ ఎక్కువగా బియ్యం గురించే అడుగుతాం.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది: ఎఫ్ఐఆర్ లేకపోయినా అత్యాచార బాధితురాలికి వైద్యం చేయాలి. ప్రభుత్వ ఆస్పత్రే కానక్కర్లేదు, ప్రైవేటుదైనా ప్రథమ చికిత్స, వైద్యం వెంటనే ఉచితంగా ఇవ్వాల్సిందే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెప్పేది అదే. పోలీసులకు కబురు చేయాల్సింది ఆస్పత్రి, ఆమె కాదు. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గరున్న స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. వైద్యం నిరాకరిస్తే ఆస్పత్రి బాధ్యుడికి భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్నవాళ్లకు ఈ సెక్షన్ గుర్తు లేకపోతే, ఆమె వెంట వెళ్లినవాళ్లు గుర్తు చేయొచ్చు.